పిల్లతల్లికి దారి



పంక్తిలో ఎవరికి ముందు వడ్డించాలి, పేరంటంలో ఎవరికి ముందు బొట్టు పెట్టాలి అనే మర్యాదలు మనకు ఒకరు నేర్పనక్కర లేదు. కాని గడప దాటి వీధిలో కాలు పెట్టాక ఎవరు ఎవరికి తప్పుకోవాలి అన్న సంగతి మనం అంతగా ఆలోచించం. ఎదుటి మనిషి పెద్దవారైతే తప్పుకుంటాం, లేకపోతే వాళ్లే తప్పుకుంటారులే అనుకుంటాం. ఈమధ్య మన వరంగల్, హనుమకొండ బజార్లలో బిడ్డను చక్రాల బండిలో కూర్చోబెట్టి తోసుకుంటూ వచ్చే తల్లులు అక్కడక్కడ కనిపిస్తున్నారు. ఆ బండి వెనకాలే ఒక తగాదా కూడా వీధిలోకి వచ్చింది. ఉన్నదే మూరెడు కాలిబాట, అందులోకి ఈ బండి ఒకటా అని నడిచేవాళ్ల విసుగు. పసిబిడ్డను చూసైనా ఒక్క అడుగు పక్కకు వేయరేమి అని తల్లుల కష్టం. బండి కొత్తదే గాని తగాదా కొత్తది కాదు. దారిలో ఎవరు జరగాలన్న పేచీ మన పురాణాలంత పాతది.

మహాభారతం ఆదిపర్వంలో కల్మాషపాదుడనే రాజు కథ ఉంది. వేటాడి అలసిపోయి, ఆకలితో నకనకలాడుతూ ఆ రాజు అడవిలో ఒక ఇరుకు బాట వెంట వస్తున్నాడు. ఒక్క మనిషి మాత్రమే పట్టే బాట అది. ఎదురుగా వసిష్ఠ మహర్షి పెద్ద కొడుకు శక్తి వస్తున్నాడు. తప్పుకో అన్నాడు రాజు. బ్రాహ్మణుడికి రాజే తప్పుకోవడం ధర్మం అన్నాడు శక్తి. ఇద్దరిలో ఎవరూ కదల్లేదు. రాజు కొరడాతో కొట్టాడు. శక్తి రాక్షసుడివి కమ్మని శపించాడు. రాక్షసుడైన రాజు మొట్టమొదట మింగింది ఆ శక్తినే, తర్వాత అతని తమ్ముళ్లందరినీ. ఇంత ఘోరం దేనికి? ఒక్క అడుగు పక్కకు వేయనందుకు. ఈ కథ చెప్పేటప్పుడు రాజు కోపం, ఋషి శాపం అంటూ మగవాళ్లిద్దరి సంగతే చెబుతారు. శక్తి భార్య అదృశ్యంతి అప్పటికి గర్భవతి. ఆ బాట మీద ఆమె లేనే లేదు. అయినా ఆ గొడవ బరువంతా మోసింది ఆమే. ఆమె కడుపున పుట్టినవాడే పరాశరుడు, వ్యాసుడి తండ్రి.

వనపర్వంలో దీనికి ఎదురు కథ ఒకటి ఉంది. ఇంకా పసితనం వదలని అష్టావక్రుడు జనక మహారాజు యజ్ఞానికి వెళుతుంటే దారిలో రాజే ఎదురయ్యాడు. పిల్లవాడు బెదరలేదు. గుడ్డివాడికి, చెవిటివాడికి, స్త్రీకి, బరువు మోసేవాడికి దారి వదలాలి, రాజుకూ వదలాలి, అయితే బ్రాహ్మణుడు ఎదురైతే దారి బ్రాహ్మణుడిది అని చెప్పాడు. జనకుడు నవ్వి పక్కకు జరిగాడు. మనుధర్మశాస్త్రంలోనూ ఇలాంటి పట్టికే ఉంది. చక్రాల వాహనం మీద పోయేవాడికి, తొంభై దాటిన వృద్ధుడికి, రోగికి, బరువు మోసేవాడికి, స్త్రీకి, చదువు ముగించుకున్న స్నాతకుడికి, రాజుకు, పెళ్లికొడుక్కి దారి ఇవ్వాలట. బౌధాయనుడనే ధర్మసూత్రకారుడు ఇంకొంచెం దయగలవాడు. ఆయన గర్భిణి పేరు విడిగా చెప్పాడు, బలహీనుడి పేరూ చెప్పాడు.

ఈ పట్టికలు చదివితే వీటిలో రెండు రకాల మనుషులు కలిసిపోయి ఉన్నారని నాకు అనిపిస్తుంది. అధికారం ఉంది కాబట్టి దారి అడిగేవాళ్లు కొందరు. పక్కకు జరగడం కష్టం కాబట్టి దారి ఇవ్వవలసినవాళ్లు కొందరు. మొదటి రకం మర్యాద మన కాలానికి పనికిరాదు. ఆ మర్యాద ముదిరే కదా, కొన్ని కులాలవాళ్లను అసలు వీధిలోకే రానివ్వకుండా చేసింది! కేరళలో వైకోం గుడి చుట్టూ ఉన్న వీధుల్లో నడిచే హక్కు కోసం 1924లో సత్యాగ్రహమే చేయవలసి వచ్చింది. కాని రెండో రకంలో మంచి బుద్ధి ఉంది. నెత్తిన గంప ఉన్నవాడు గబుక్కున వంగి పక్కకు దూకలేడు. నిండు చూలాలు దూకలేదు. చక్రాల బండి అంతకంటే దూకలేదు. ఖాళీ చేతులతో వచ్చేవాడు ఒక్క అడుగుతో జరగగలడు. అందుకని జరగగలిగినవాడే జరగాలి. ఆ లెక్కన మన చౌరస్తాలో పిల్లల బండి తోసుకుంటూ వచ్చే తల్లిని చూడండి. ఆమె స్త్రీ, బరువు మోస్తున్నది, చేతిలో చక్రాల బండి కూడా ఉంది. మనువు పట్టికలో మూడు చోట్ల ఆమె పేరు ఉన్నట్టే!

ఇక మన ఓరుగల్లు సంగతికి వద్దాం. కాకతీయుల కాలపు వీధులు ఎలా ఉండేవో చూడాలంటే మనకు క్రీడాభిరామం అనే కావ్యం ఉంది. వినుకొండ వల్లభరాయుడి పేరు మీద ఉన్నది. మంచన శర్మ, టిట్టిభ సెట్టి అనే స్నేహితులిద్దరు ఒక రోజంతా ఓరుగల్లు వీధుల్లో తిరుగుతూ కనిపించినవన్నీ చెప్పుకుంటారు. అందులో కోటవాకిలి దగ్గర ఏనుగులతో, గుర్రాలతో, బండ్లతో కిక్కిరిసిన వీధి ఉంది. తెలుగులో ట్రాఫిక్ గురించి ఇంత పాత వర్ణన ఇంకెక్కడుందో! స్నేహితులిద్దరూ తీరికగా, చేతులూపుకుంటూ తిరిగారు. ఆడవాళ్లను చూస్తూ తిరిగారు గాని, బిడ్డను ఎత్తుకున్న ఆడది ఆ ఏనుగుల మధ్యనుంచి ఎలా పోతున్నదో చూద్దామని వాళ్లకు తోచలేదు. వీధి కథ ఎప్పుడూ ఖాళీ చేతులవాళ్లే రాస్తారు కదా.

మీలో చాలామంది కోట చూసే ఉంటారు. రాతికోట వాకిళ్లు తిన్నగా ఉండవు. లోపలికి వెళ్లి ఒక మలుపు, మళ్లీ ఒక మలుపు తిరిగితేగాని ఊళ్లోకి రాలేం. శత్రువుల ఏనుగులు ఒక్క ఊపున దూసుకురాకుండా కట్టిన నేర్పు అది. ఇప్పుడు ఆ మలుపుల్లోంచే ఆటోలు, మోటారు సైకిళ్లు పోతున్నాయి. కోటలోపల ఊరు ఉంది, బడికి పోయే పిల్లలున్నారు. ఆనాడు రక్షణ కోసం కట్టిన మలుపులో ఈనాడు నడిచేవాళ్లు గోడకు అంటుకుని నిలబడి, హారన్ వినబడి, బండి పోయాక కదలాలి.

ఆ ఏనుగుల వీధిలో కాలిబాట అని వేరే లేదు. బిడ్డకు బండీ లేదు. బిడ్డకు వాహనం తల్లి నడుమే. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెదికిందని సామెత చెప్పుకుంటాం. మన భాషలో బిడ్డ ఉండవలసిన చోటు చంక అని ఆ సామెతే చెబుతుంది. మేడారం జాతరకు రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమి నాటికి పోయే జనంలో చూడండి. నెత్తిన మూట, ఒక చేతిలో అమ్మవారికి బంగారమని మొక్కుకున్న బెల్లం, చంకలో చంటిపిల్ల, కొంగు పట్టుకుని ఇంకొకడు. కొందరు చీరతో బిడ్డను మూపుకు కట్టుకుంటారు. చంకన ఉన్న బిడ్డకు ఒక లాభం ఉంది, తల్లి ఎటు జరిగితే బిడ్డ అటే జరుగుతుంది. ఎంత ఇరుకులోనైనా ఇద్దరూ ఒక్క మనిషే. ఆ నొప్పి మాత్రం తల్లి నడుముకు. ముప్పై దాటని పిల్లలు నడుము పట్టేసిందని మూలుగుతుంటే, మా రోజుల్లో ఆరుగుర్ని ఎత్తుకుని తిరిగామని మనం గొప్పగా చెబుతాం. ఆ ఆరుగుర్ని ఎత్తుకున్న మన అమ్మలు అరవై ఏళ్లకే వంగిపోయి నడిచిన సంగతి మాత్రం చెప్పం.

పిల్లల బండి పుట్టింది ఇంగ్లండులో, అదీ పనికోసం కాదు, వేడుక కోసం. 1733లో విలియం కెంట్ అనే తోటల రూపశిల్పి డెవన్‌షైర్ డ్యూక్ పిల్లలకోసం గవ్వ ఆకారంలో ఒక చిన్న బండి చేశాడు. మేకపోతు లాగే బండి అది. వందేళ్ల తర్వాత లాగే బండి పోయి వెనకనుంచి తోసే బండి వచ్చింది. 1853లో లండన్‌లో చార్లెస్ బర్టన్ అనే ఆయన అలాంటి బండికి పేటెంటు తీసుకున్నాడు. ఇక చూడండి రగడ! కాలిబాట మీద బండ్లు తోలకూడదని ఇంగ్లండులో 1835 నుంచే చట్టం ఉంది. పసిపిల్లను కూర్చోబెట్టిన ఈ బండి ఆ చట్టంలోని బండి కిందికి వస్తుందా రాదా అని వాదించుకున్నారు. దాదులు సైనికులతో కబుర్లాడుతూ పెద్దమనుషుల మడమల మీదికి బండి తోస్తున్నారని హాస్యపత్రికలు బొమ్మలు వేశాయి. తగువంతా దాది మీదికి పోయింది. తన బిడ్డను ఆ దాది చేతికిచ్చి పంపిన దొరసానిని ఎవరూ ఒక్క మాట అనలేదు.

ఆ బండ్లే దొరలతో మన దేశానికి వచ్చాయి. కంటోన్మెంటు ఊళ్లలో చెట్ల నీడన, వెడల్పాటి బాటల మీద తెల్లచీర కట్టిన ఆయా దొరగారి బిడ్డను తోసుకుపోయేది. ఆయా అన్న మాట కూడా పోర్చుగీసువాళ్లు ఇచ్చిపోయిందే. ఆ ఆయాకు సొంత బిడ్డ ఉంటే ఆ బిడ్డ ఇంట్లో ఏ అమ్మమ్మ చంకనో ఉండేది. కంటోన్మెంటు అవతల, మన బజార్లలో ఆ బండికి పని లేదు. అందుకే ఎంతో కాలం మనకు చక్రాల బండి అంటే తప్పటడుగుల పిల్లవాడు నడక నేర్చుకోవడానికి తోసే మూడు చక్రాల చెక్కబండే. తోసేది బిడ్డ, మురిసేది తల్లి.

ఇప్పుడు మనం చూస్తున్న మడతబండికి మూలపురుషుడు ఓవెన్ మెక్లారెన్. విమానాల ఇంజనీరు. స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం నేల మీద దిగే చక్రాల అమరికలో పనిచేసినవాడు. మాస్కో నుంచి వచ్చిన కూతురు మనవరాలి బరువైన బండితో అవస్థ పడటం చూసి, గొడుగులా మడిచి చేత్తో పట్టుకునే అల్యూమినియం బండి చేశాడు. 1965లో పేటెంటు. బరువు మూడు కిలోలకు లోపే. బిడ్డతో తల్లి ఒక్కతే బస్సెక్కగలగడం దీనివల్లనే వచ్చింది. అంతకుముందు పెద్ద ప్రామ్ ఉన్న ఇల్లాలు ఇంటి చుట్టుపక్కలే తిరిగేది.

మరి మన ఊళ్లో ఈ బండి ఎందుకు తగాదా అయింది? ఇల్లు మారింది. కోడలు ఉద్యోగానికి పోతున్నది, అత్తగారు ఇంకో ఊళ్లో ఉన్నది. బిడ్డను ఒకరి చంక నుంచి ఒకరు అందుకునే ఇల్లు కాదిప్పుడు. చక్రం ఒక చంక పని చేస్తున్నది. దానికి కావలసింది చదునైన నేల, అంతే. అదే లేదు.

కిందటేడు మా చెల్లెలి కూతురు తొమ్మిది నెలల బిడ్డతో వచ్చింది. సాయంత్రం హనుమకొండ చౌరస్తాకు పోదామంటే బండి తీసుకుని బయలుదేరాం. కాలిబాట ఎక్కడానికే బండిని ఇద్దరం పట్టి ఎత్తవలసి వచ్చింది. పది అడుగులు వేశామో లేదో, ఎదురుగా చేతికర్ర ఊతంగా ఒక పెద్దాయన. ఆయనకు ఎడమవైపు దుకాణం ముందర నిలిపిన రెండు మోటారు సైకిళ్లు, మాకు కుడివైపు కరెంటు స్తంభం. "జర వెనకకు పో బిడ్డా, నేను దిగలేను" అన్నాడాయన. "తాతా, బండి వెనకకు తిప్పుదామన్నా జాగ లేదు" అన్నది మా పిల్ల. ఆయనకు కోపం వచ్చింది. "పిల్లను ఎత్తుకోరాదా? మా ఇంట్ల ఎవరు తోసిన్రు బండ్లు!" అన్నాడు. మా పిల్లకూ కోపం వచ్చింది. "మీరు కొంచెం ఆగితే ఏమైతది?" అన్నది. చుట్టూ నలుగురు చేరారు. ఒకరు తాతవైపు, ఒకరు తల్లివైపు. చివరికి నేనే బిడ్డను ఎత్తుకున్నాను, మా పిల్ల బండి మడిచి రోడ్డు మీదికి దిగింది, ఆయన దాటిపోయాడు. అంతసేపూ ఆ మోటారు సైకిళ్ల గురించి మాట్లాడినవారు లేరు. అవి ఆ బాట మీద పుట్టి పెరిగినట్టు నిలబడి ఉన్నాయి. తాతా నిజమే చెప్పాడు, తల్లీ నిజమే చెప్పింది. ఇద్దరూ ధర్మశాస్త్రం పట్టికలో ఉన్నవాళ్లే. దారి కాజేసింది మూడోవాడు. ఆ మూడోవాడు అక్కడ లేడు, లోపల కూల్‌డ్రింకు తాగుతున్నాడు.

ఇంగ్లండులో ఇలాంటి తగాదా సుప్రీంకోర్టు దాకా పోయింది. 2012 ఫిబ్రవరి 24న డగ్ పౌలీ అనే ఆయన చక్రాల కుర్చీలో వెథర్బీ నుంచి లీడ్స్‌కు పోవడానికి బస్సెక్కబోయాడు. కుర్చీకి కేటాయించిన చోట ఒకామె నిద్రపోతున్న బిడ్డతో బండి పెట్టుకుని ఉన్నది. బండి మడవమని డ్రైవరు అడిగితే మడత పడదన్నది. పౌలీ తర్వాతి బస్సుకోసం ఆగిపోయాడు. 2017 జనవరి 18న తీర్పు వచ్చింది. డ్రైవరు ఊరికే ఒక మాట అడిగి వదిలేస్తే చాలదు, అవతలివారు అకారణంగా కదలకపోతే ఇంకా గట్టిగా చెప్పాలి, అవసరమైతే బస్సును కాసేపు ఆపి ఒత్తిడి తేవాలి అన్నారు. తీర్పు న్యాయమే. నాకు మాత్రం ఇంకొకటి తోచింది. ఒక్కరికి సరిపోయే చోటు పెట్టి, నడవలేని మనిషికీ నిద్రపోయే బిడ్డ తల్లికీ మధ్య తగువు పెట్టారు. ఇద్దరికీ చోటున్న బస్సు కట్టి ఉంటే కోర్టు దేనికి?

మన దేశంలో కొలతలు లేవనుకోకండి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ అనే సంస్థ నడిచేవాళ్ల సౌకర్యాల మీద 1988లోనే సూచనలు వేసింది, 2012లో వాటిని సవరించింది. కాలిబాటలో అడ్డం లేకుండా నడిచే వెడల్పు కనీసం 1.8 మీటర్లు, అంటే దాదాపు ఆరు అడుగులు ఉండాలి. రెండు చక్రాల కుర్చీలు ఎదురెదురుగా వచ్చినా ఒకదాన్నొకటి తాకకుండా పోయేటంత. అంచు ఎత్తు 15 సెంటీమీటర్లకు మించకూడదు. మన బజార్లలో అంచులు చూస్తే అవి కాలిబాటలా, అరుగులా తెలియదు. దుకాణం మెట్టు ఒకటి, దాని పక్కన ఏటవాలు, మళ్లీ ఒక గుంట. మోకాళ్ల నొప్పులున్న మనలాంటివాళ్లు ఎక్కలేక దిగలేక రోడ్డు మీదే నడుస్తాం. 2016లో వరంగల్ స్మార్ట్ సిటీల జాబితాలో చేరింది. భద్రకాళి చెరువు కట్ట మీద నడకబాట వచ్చింది, అక్కడ పొద్దున పూట మనవళ్లను బండిలో తోసుకుంటూ తిరగవచ్చు, బాగుంది. కాని కూరగాయలు, మందులు చెరువు కట్ట మీద దొరకవు కదా. తల్లికి బండి అవసరమయ్యేది బజారుకు పోయేటప్పుడు, బిడ్డకు టీకా వేయించేటప్పుడు.

రోడ్డు మీదికి దిగితే ఏమవుతుందో చెప్పాలి. కేంద్ర ప్రభుత్వ లెక్కల ప్రకారం 2022 ఒక్క సంవత్సరంలో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోతే, వారిలో 32,825 మంది కాలినడకన పోతున్నవాళ్లే. అంటే అయిదుగురిలో ఒకరు దాదాపు. ఇంకొక సంగతి. బండిలో కూర్చున్న బిడ్డ ముక్కు నేలనుంచి రెండు రెండున్నర అడుగుల ఎత్తులో ఉంటుంది. ఆటోల, కార్ల పొగగొట్టాలు కూడా నేలకు దగ్గరగానే ఉంటాయి. ఇంగ్లండులోని సర్రే విశ్వవిద్యాలయంవారు 2018లో చెప్పినదాని ప్రకారం బండిలోని పసివాడు పక్కన నడిచే పెద్దవాళ్లకంటే అరవై శాతం దాకా ఎక్కువ కాలుష్యానికి లోనుకావచ్చు. అందుకని ట్రాఫిక్‌లో ఆగవలసి వస్తే బండి ముఖం రోడ్డు వైపు కాకుండా దుకాణాల వైపు తిప్పి నిలబడండి.

కాలిబాట అనగానే పూలమ్మే ఆమెను, జామపండ్ల గంపను తీసెయ్యాలని మనలో కొందరు గట్టిగా అంటారు. నేను ఆ మాట ఒప్పుకోను. 1985లో బొంబాయి కాలిబాటల మీద కాపురమున్న పేదల కేసులో మన సుప్రీంకోర్టు కాలిబాట నడవడానికేనన్నది, అయితే బతుకుదెరువు కూడా బతికే హక్కులో భాగమేనన్నది. 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది, వాళ్లకు చోటు గుర్తించి ఇవ్వాలని. పూల గంప రెండడుగుల చోటు తీసుకుంటుంది. ఆమె బిడ్డ కూడా ఆ గంప వెనకాల గోనెపట్టా మీద నిద్రపోతూ ఉంటుంది. మన బిడ్డకు బండి ఉంటే ఆమె బిడ్డకు ఆ పట్టా. కొంచెం జరుగమ్మా అంటే గంప ఎత్తి జరుపుకుంటుంది, నవ్వుతుంది కూడా. కారు జరగదు, నవ్వదు.

బండి తోసేవాళ్లకు మర్యాదలు లేవా అంటే ఉన్నాయి. ఇద్దరు తల్లులు పక్కపక్కన బండ్లు తోసుకుంటూ కబుర్లలో పడితే వెనకవాళ్ల అవస్థ చెప్పనలవి కాదు. బట్టల బజారులో దుకాణం గుమ్మానికి అడ్డంగా బండి నిలిపి చీర బేరం ఆడకూడదు. ముందువారి మడమకు తగిలేటట్టు తోసి, తర్వాత అయ్యో అనడం మర్యాద కాదు, ముందే "అక్కా, జర దారి" అనడం మర్యాద. సంచులన్నీ బండి పిడికి తగిలిస్తే బిడ్డను దించగానే బండి వెనక్కి పడుతుంది, అది కూడా చూసుకోవాలి. ఇక కర్ర ఊతంగా వచ్చేవారు, చూపు లేనివారు ఎదురైతే బండి ఉన్నా మనమే ఆగాలి. మనం ఆగగలం, వాళ్లు తడబడితే పడిపోతారు.

2025 మే నెలలో సుప్రీంకోర్టు ఇంకొక ఉత్తర్వు ఇచ్చింది. అడ్డంకులు లేని, వికలాంగులకూ వీలైన కాలిబాట రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమని, రాష్ట్రాలు దానికి తగిన మార్గదర్శకాలు తేవాలని చెప్పింది. ఆ సంగతి పేపర్లో చదివి, మా వీధి చివరి దుకాణాయనతో చెప్పాను. అక్కడ ఎప్పుడూ మూడు స్కూటర్లు కాలిబాట మీదే ఉంటాయి. ఆయన మంచివాడే. "అట్లనా అమ్మా, మరి చెప్పరాదు?" అని లేచి వచ్చి తానే వాటిని కిందికి దింపాడు. మా పక్కింటి కోడలు అప్పుడే బిడ్డ బండితో వస్తూ ఉంటే పక్కకు నిలబడి దారి కూడా ఇచ్చాడు. మర్నాడు పొద్దున పాలకోసం పోయేసరికి స్కూటర్లు మళ్లీ పైన ఉన్నాయి. మళ్లీ చెప్పాను. ఈసారి రెండు దింపాడు.